రెంటచింతల నాదజ్యోతి: చిత్తూరు నాగయ్యగారి జీవితం

శ్రీ స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక శుభసందర్భంలో వెలువడుతున్న ఈ సంచికలో ఒక చలనచిత్ర నటుని జీవితాన్ని గురించి వ్రాయబూనడం కొందరు భక్తమహాశయులకు వింతగా తోచవచ్చు. స్థలపురాణం గురించో, ఆగమ విశేషాల గురించో, ధర్మదాతల గురించో వ్రాయవలసిన చోట వెండితెర ప్రసక్తి ఏమిటని అడిగితే అడగవచ్చును. సమాధానం సూక్ష్మంగా ఇది. మన పల్నాటి గడ్డపై పుట్టిన ఒక బిడ్డ, భజన మందిరాలలోను, నాటక రంగస్థలాలపైన, హరికథా వేదికలపైన బ్రతికిన పాత సంగీతాన్ని చెయ్యిపట్టి యంత్రయుగంలోనికి నడిపించాడు. ఈనాడు తెలుగువారు సినిమా పాట అని పిలుస్తున్న దానిలో కీర్తన పాలు ఎంత, పద్యం పాలు ఎంత, తత్త్వం పాలు ఎంత అని తరచి చూస్తే ఆయన పేరు తలచుకోక తప్పదు. వారే చిత్తూరు వి. నాగయ్యగారు.

పేరుకు ముందు చిత్తూరు ఉండటం చేత వారిని రాయలసీమ వారుగా భావించేవారే అధికం. వారి ఇంటిపేరు ఉప్పలదడియం. గురజాలకు, మాచర్లకు నడుమ ఉన్న రెంటచింతల గ్రామంలో 1904 మార్చి 28న రామలింగేశ్వర శర్మ, వెంకటలక్ష్మాంబ దంపతులకు వారు జన్మించారు. రెంటచింతల అనగానే వేసవి ఎండల లెక్కలే ఆంధ్రదేశానికి గుర్తుకు వస్తాయి. ప్రతి సంవత్సరం పత్రికలలో ఆ ఊరి పేరు ఎక్కేది ఆ ఒక్క కారణానికే. ఆ మండుటెండల ఊరిలోనే, వింటే మనస్సు చల్లబడే కంఠం ఒకటి పుట్టిందన్న సంగతి మాత్రం మనవారే మరచిపోయారు. నాడు గుంటూరు జిల్లాలో ఉన్న ఆ గ్రామం 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉన్నది. కనుక ఆ మహనీయుని మనవారని చెప్పుకొనే అధికారం మనకు మరింత దగ్గరైనది.

బాల్యంలోనే వారు చిత్తూరు ప్రాంతానికి చేరుకొని అక్కడనే చదువు, సంగీతం అభ్యసించారు. సర్కారు కచేరీలో గుమాస్తాగా కొంతకాలం, పత్రికారంగంలో కొంతకాలం పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం సాగిన రోజులలో గాంధీ మహాత్ముని ప్రభావానికి లోనై ఆ ఉద్యమంలో పాల్గొన్నారు. ఈ ఉద్యోగాలు, ఉద్యమాలు ఎలా ఉన్నా వారి మనస్సు మాత్రం నాటకం మీదనే. సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం కట్టి పేరు తెచ్చుకొన్నారు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలమది. చిత్తూరు రంగస్థలం పెట్టిన గుర్తే వారి పేరుకు ముందు శాశ్వతంగా నిలిచింది.

ఇక్కడ ఆనాటి నాటకాల సంగీతాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. అది తెలియకపోతే నాగయ్యగారు చేసిన పని ఏమిటో బోధపడదు. విద్యుద్దీపాలు గాని, మైకులు గాని లేని రోజులలో వేలాది జనం ఆరుబయట కూర్చుని పద్యనాటకం చూసేవారు. చివరి వరుసలో తువ్వాలు పరుచుకొని కూర్చున్న రైతుకు సైతం పద్యం వినబడాలి. అందుచేత నటుడు హెచ్చు శృతిలో, హార్మోనియం వెంబడించగా, గొంతెత్తి పాడవలసి వచ్చేది. పద్యం చివర సుదీర్ఘమైన రాగాలాపన ఉండేది. జనం వన్స్ మోర్ అంటే కృష్ణుడు రాయబారం ఆపి అదే పద్యం మళ్లీ అందుకొనేవాడు. మన నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్ల ప్రాంతాల పెద్దలు ఆ రాత్రుల ముచ్చట్లు చెప్పుకొని నేటికీ మురిసిపోతారు. దానిలో వైభవం ఉన్నది, కాదనలేము. అయితే రాగం పెరిగిన కొద్దీ పద్యం తరిగేది. కవి ఏమన్నాడో వినబడక, గాయకుడు ఎంతసేపు నిలిపాడో మాత్రమే జ్ఞాపకం ఉండేది.

1932లో హెచ్.ఎం. రెడ్డిగారు తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదను తీసినపుడు సురభి నాటక సమాజం నటులే అందులో వేషాలు కట్టారు. నాటకం ఎలా ఉన్నదో తొలినాటి సినిమా అలాగే ఉన్నది. పద్యాలు అవే, ఆలాపనలు అవే, గొంతు స్థాయి కూడా అదే. యంత్రం మారింది గాని పాట మారలేదు. మైకు ముందు నిలబడిన నటుడు పొలం గట్టు మీది మనిషిని పిలుస్తున్నట్లే పాడేవాడు.

నాగయ్యగారు 1938లో రోహిణీ వారి గృహలక్ష్మి చిత్రంతో తెర మీదికి వచ్చారు. మరుసటి సంవత్సరం బి.ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థను స్థాపించి వందేమాతరం తీసినపుడు కథానాయక పాత్రతో పాటు సంగీత బాధ్యత కూడా వారిదే అయినది. ఆ తరువాత సుమంగళి 1940లో, దేవత 1941లో వచ్చాయి. ఈ మూడు చిత్రాలతో తెలుగు పాట కొత్త త్రోవ పట్టింది. మైకు అనేది ఒక చెవి అని, చెవి దగ్గర అరవనక్కరలేదని వారు గ్రహించారు. స్థాయి తగ్గించారు. ఆలాపన కుదించారు. మాటను మాటగా పలుకుతూనే దానిని రాగంలో నిలిపారు. వేదాధ్యయనం చేసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. అక్షరం స్పష్టంగా పలకకపోతే ఎంత కంఠమాధుర్యం ఉన్నా గురువు ఆ పనసను అంగీకరించడు. నాగయ్యగారి పాటలో ఒత్తులు, దీర్ఘాలు, అనుస్వారాలు ఎక్కడివక్కడ నిలుస్తాయి. నా దృష్టిలో వారి గానానికి అదే ప్రాణం. రాగజ్ఞానం వారికంటే మిక్కిలిగా ఉన్నవారు ఆనాడు ఎందరో ఉన్నారు. ఉచ్చారణలో వారికి సాటి వచ్చేవారు తక్కువ.

గ్రామఫోను రికార్డు పెట్టిన ఆంక్షను కూడా ఇక్కడ చెప్పాలి. ఆనాటి రికార్డు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే మ్రోగేది. అరగంట పాడే కీర్తన మూడు నిమిషాలలో ఇమడాలంటే ఏమి ఉంచాలి, ఏమి తీసివేయాలి? పల్లవి ఉండాలి, ఎందుకంటే దానినే జనం పట్టుకొని పాడుకొంటారు. చరణాలు రెండో మూడో ఉండాలి. ప్రతి చరణం చివర పల్లవికి తిరిగి రావాలి. ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన కట్టడం కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు, భద్రాద్రి రామదాసు, త్యాగరాజస్వామి ఇచ్చిన చట్రమే. నిరవళ్లు, స్వరకల్పనలు విడిచిపెట్టి, సంగతులు తగ్గించి, ఆ చట్రాన్ని మాత్రం చెక్కు చెదరకుండా ఉంచుకోవడం వలన సినిమా పాట పుట్టింది. నేటి యువకులు చెవులకు తీగలు తగిలించుకొని వినే పాటలో సైతం పల్లవి, చరణం అన్న విభాగం ఉన్నదంటే అది కీర్తన పెట్టిన భిక్ష.

ఆ పిమ్మట వచ్చిన మూడు భక్త చరిత్రలు నాగయ్యగారిని ఇంటింటి మనిషిని చేశాయి.

మొదటిది 1942-43 నాటి భక్త పోతన. కె.వి. రెడ్డిగారికి దర్శకునిగా అదే తొలి చిత్రం. భాగవతాన్ని నరాంకితం చేయక శ్రీరామచంద్రునికే అర్పించి, హలం పట్టి బ్రతికిన కవిగా నాగయ్యగారు నటించారు. రాజాశ్రయంలో భోగాలు అనుభవించిన శ్రీనాథుడు ఇందులో పోతనకు ప్రతిగా నిలుస్తాడు. పల్నాటి వారికి శ్రీనాథుడు పరాయివాడు కాడు. పలనాటి వీరచరిత్రను మంజరీ ద్విపదలో వ్రాసినవాడుగా పరంపర ఆయననే చెబుతున్నది. కారెంపూడిలో వీరారాధనోత్సవాలప్పుడు వీరవిద్యావంతులు గానం చేసే గాథకూ, ఈ చిత్రంలో పోతన పాడే పద్యానికీ సంగీతంలో పోలిక లేకపోవచ్చు. కాని రెండింటిలోను కథ పాట మీద నడుస్తుంది. వినేవాడికి అక్షరజ్ఞానం అవసరం లేదు. చదువురాని తల్లులు భాగవతాన్ని చెవులతో చదువుకొన్నది ఇటువంటి చిత్రాల వలననే.

రెండవది 1946లో వచ్చిన త్యాగయ్య. నటన, సంగీతం, దర్శకత్వం, నిర్మాణం అన్నీ నాగయ్యగారివే. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. వారి శతవర్ష పుణ్యతిథికి ముందు సంవత్సరమే ఈ చిత్రం విడుదల కావడం విశేషం. అప్పటివరకు త్యాగరాజ కృతి అంటే సభలలో విద్వాంసులు పాడగా పండితులు తలలూపే వస్తువు. దానిని రామభక్తుడు రామునితో చెప్పుకొనే మొరగా నాగయ్యగారు పాడి చూపించారు. కృతిలోని కష్టమైన సంగతులను విడిచి భావాన్ని నిలపడం శాస్త్రసమ్మతమేనా అన్న శంక సంప్రదాయజ్ఞులకు కలగవచ్చు. ఆ శంకను నేను త్రోసిపుచ్చను. కచేరీలో పాడవలసిన వారు గురుముఖతః నేర్చిన పాఠాన్నే పాడాలి. కాని గుడి మండపంలో కూర్చున్న భక్తునికి ఆ కృతి తన నాలుక మీద పలకాలి. ఈ రెండు అవసరాలు వేరు. రెండవదానికి నాగయ్యగారు మార్గం వేశారు. మా వేదపాఠశాలలో సినిమా అన్న మాట ఎత్తడమే నిషిద్ధంగా ఉండేది. అటువంటి చోట కూడా ఊరికి త్యాగయ్య వచ్చినపుడు మా గురువుగారు పిల్లలందరినీ వెంటబెట్టుకొని వెళ్లారు. తిరిగి వచ్చాక స్నానం చేయించి మరీ సంధ్యకు కూర్చోబెట్టారనుకోండి, అది వేరే సంగతి.

ఆ చిత్రం చూచి మైసూరు, తిరువాన్కూరు సంస్థానాధీశులు నాగయ్యగారిని సత్కరించారు. అలా లభించిన ద్రవ్యంతో వారు తిరువయ్యారులో యాత్రికుల కొరకు త్యాగరాజ నిలయం అనే సత్రాన్ని కట్టించారు. ఎవరి పాట పాడి సంపాదించారో వారి సన్నిధికే ఆ సొమ్మును చేర్చారు. ఈ ఆలయ పునర్నిర్మాణానికి తమ కష్టార్జితాన్ని సమర్పించిన దాతలకు ఆ ఔదార్యం విలువ నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవది 1947 నాటి యోగి వేమన. కె.వి. రెడ్డిగారే దర్శకులు. త్యాగయ్యలో కీర్తన ఎలాగో ఇందులో ఆటవెలది అలాగ. వేమన పద్యం బడిపిల్లల నోట ఉన్నది, బైరాగుల తంబురా మీద ఉన్నది. దానికి ఆడంబరమైన రాగం పెడితే సహించదు. నాగయ్యగారు దానిని దాదాపు మాట్లాడినట్లే పాడారు. అన్నగారి చిన్నారి బిడ్డ మరణించగా వేమన శ్మశానంలో విలపించే ఘట్టం చూసి కంటతడి పెట్టనివారు ఉండరని మా పెద్దలు చెప్పేవారు. అక్కడ వినబడే శోకం వెనుక పల్లెల తత్త్వాల పోకడ ఉన్నది. మన ప్రాంతంలో అంతిమయాత్ర వేళ చెక్కలు, తాళాలతో బృందాలు పాడే తత్త్వాలు విన్నవారికి ఆ పోలిక వెంటనే తగులుతుంది.

నాగయ్యగారు పాత సంగీతాన్ని కాపాడారంటే కొత్తదానికి తలుపులు మూశారని భావించరాదు. 1943లో తమ సొంత సంస్థ అయిన రేణుకా ఫిలింస్ పక్షాన వారు భాగ్యలక్ష్మి నిర్మించారు. తెలుగులో తొలి నేపథ్యగానంగా చెప్పుకొనే పాట ఆ చిత్రంలోనిదే. కమలా కోట్నీస్ అభినయించగా రావు బాలసరస్వతీ దేవి పాడారు. అంతవరకు నటించేవాడే పాడాలి. స్వయంగా గొప్ప గాయకనటుడైన వ్యక్తి, నటన వేరు గానం వేరు అనే పద్ధతికి తన ఇంటిలోనే అంకురార్పణ చేయించడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ పద్ధతి స్థిరపడిన కొద్దీ గాయకనటుల యుగం ముగిసింది. అందులో వారి ప్రాభవం కూడా కొంత కరిగిపోయింది.

1945లో వచ్చిన వాహినీ వారి స్వర్గసీమలో ఓగిరాల రామచంద్రరావుగారితో కలిసి నాగయ్యగారు సంగీతం సమకూర్చారు. అందులో భానుమతిగారు పాడిన పావురం పాట ఒక పాశ్చాత్య చిత్రంలోని బాణీ స్ఫూర్తితో బాలాంత్రపు రజనీకాంతరావుగారు కూర్చినది. ఒకే చిత్రంలో మన రాగమూ ఉన్నది, సముద్రాల ఆవలి గాలీ ఉన్నది. అదే చిత్రంలో విజయనగరంలో శాస్త్రీయ సంగీతం నేర్చి వచ్చిన ఒక కృష్ణా జిల్లా యువకునికి పాడే అవకాశం దొరికింది. ఆ యువకుడే ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. బాల్యంలో తండ్రిగారి వద్ద నారాయణ తీర్థుల తరంగాలు విని పెరిగినవారు వీరు. ఆ తీర్థులు మన గుంటూరు ప్రాంతంలో మంగళగిరి సమీపాన ఉన్న కాజ గ్రామం వారని పరంపర. తరంగం, కీర్తన, పద్యం, తత్త్వం అన్నీ ఇలా ఒక గొంతు నుండి మరొక గొంతుకు చేరాయి. త్యాగయ్య, యోగి వేమన చిత్రాలలో ఘంటసాలగారు చిన్న వేషాలు కూడా వేశారు. నాగయ్యగారు కుదించిన పద్యపు ఆలాపనను ఘంటసాలగారు మరింత తీర్చిదిద్దారు. తరువాతి తరాల గాయకులందరూ పద్యం పాడవలసి వచ్చినపుడు ఆ బాటనే పట్టారు.

1963లో లవకుశ విడుదలైనది. సంగీతం ఘంటసాలగారిది. వాల్మీకి మహర్షి పాత్ర నాగయ్యగారిది. కుశలవులకు రామాయణ గానం నేర్పే ఆ వృద్ధ ఋషిని చూచినపుడు, అది నటన అని నాకు ఏనాడూ అనిపించలేదు. మన పల్లెలనుండి బండ్లు కట్టుకొని, సద్దిమూటలతో వెళ్లి ఆ చిత్రాన్ని చూసి వచ్చినవారు ఈ ఆలయ భక్తులలో ఇప్పటికీ ఉన్నారు.

అప్పటికే నాగయ్యగారి ఐశ్వర్యం కరిగిపోయింది. ఒకనాడు దక్షిణాది చిత్రసీమలో అత్యున్నత పారితోషికం అందుకొన్న నటులలో వారొకరు. తమిళంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి మీరాలో రాణాగా నటించినది వారే. కాని చేయి చాచినవారిని వట్టి చేతులతో పంపడం వారికి చేతకాలేదు. అడిగినవాడు అర్హుడా కాడా అన్న విచారణ కూడా వారు చేయలేదని చెబుతారు. పాత్రాపాత్ర వివేచన దానానికి అంగమని మన ధర్మశాస్త్రం చెబుతున్నది. ఆ ఒక్క విషయంలో వారు శాస్త్రాన్ని పాటించలేదనే చెప్పాలి. దానికి తోడు సొంత చిత్రాలలో నష్టాలు వచ్చాయి. భద్రాచల రామదాసు చరిత్రను తీయాలన్న సంకల్పం ఎన్నో ఏండ్లు సాగి 1964లో నెరవేరింది. అందులో కబీరు పాత్రకు ఉత్తరాది గాయకుడు మహమ్మద్ రఫీ చేత పాడించారు. రామదాసు కీర్తనకు పక్కన ఉత్తరదేశపు భజన బాణీని కూర్చోబెట్టిన ఆ ఆలోచన ఎంతో ఉదాత్తమైనది. ధనం మాత్రం తిరిగి రాలేదు. 1965లో భారత ప్రభుత్వం వారిని పద్మశ్రీతో గౌరవించింది. వార్ధక్యంలో చిన్న చిన్న తండ్రి వేషాలు, గురువు వేషాలు వేస్తూ కాలం గడిపారు. త్యాగయ్య వేషంలో నిధిని కాదన్న మనిషి, జీవితంలోనూ నిధి లేకుండానే మిగిలారు.

ఇప్పుడు మనకు సంబంధించిన మాట ఒకటి మనవి చేస్తాను. నాగయ్యగారి కాలంలో భజన నుండి సినిమాకు బాణీలు వెళ్లాయి. మన కాలంలో సినిమా నుండి భజనకు బాణీలు వస్తున్నాయి. దీక్షాకాలంలో జరిగే పడిపూజలలో, ఊరేగింపులలో నిన్నటి సినిమా పాటకు స్వామి పేరు తగిలించి పాడటం అందరూ ఎరిగినదే. భక్తి ఏ రూపంలో ఉన్నా నిందించరాదు. అయినా ఇచ్చిన ఇంటికే అప్పు కోసం వెళ్లినట్లున్నది ఈ వ్యవహారం. ఆలయ మైకులో ఏమి వేయాలన్న చర్చ జీర్ణోద్ధరణ సంఘంలో వచ్చినపుడు, సినిమా గాయకుల పాట ప్రాకారంలో వినిపించనే కూడదని కొందరు పెద్దలు అన్నారు. నేను ఏకీభవించలేదు. పాట ఎక్కడ నుండి వచ్చిందన్నది కాదు, ఎవరిని ఉద్దేశించి పాడినదన్నది చూడాలి. నాగయ్యగారు స్టూడియోలో నిలబడి పాడినా రాముని ఎదుట నిలబడినట్లే పాడారు. ఆ రికార్డు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. కాని దానికంటే ముందు మన భజన బృందం వారు తాళాలు పట్టి రామదాసు కీర్తన స్వయంగా పాడాలని మాత్రం పట్టుబట్టాను. ప్రతి శనివారం సాయంత్రం పిల్లలకు నేర్పడానికి ఇద్దరు పెద్దలు ముందుకు వచ్చారు.

నాగయ్యగారు 1973 డిసెంబరు 30న మద్రాసులో పరమపదించారు. సరిగా నలభై మూడు రోజులకు, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు కూడా కన్నుమూశారు. వారు చివరి దినాలలో పాడి ఉంచిన భగవద్గీత వారి అనంతరం ఊరూరా ఆలయ మైకులలో మ్రోగింది. చెన్నపట్నం త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు వద్ద నాగయ్యగారి విగ్రహం ఉన్నది. తిరువయ్యారు ఆరాధనకో, కంచి యాత్రకో వెళ్లే మన భక్తులు ఆ దారిన పోయేటపుడు ఒక్క నిమిషం ఆగి, మేము రెంటచింతల వైపు నుండి వచ్చామని చెప్పి నమస్కరించి రావచ్చును.